మూడు గింజలు ఎవరూ పెట్టలేదు

ఇది ఒక మహాగాథ. ఇందులో ఊళ్లకు ఊళ్లు కదిలిపోయే వలసలున్నాయి, ఎదురెదురుగా నిలబడ్డ రెండు పక్షాలున్నాయి, వాటి మధ్య మాటలు మోసిన రాయబారి ఉన్నాడు, నెలల తరబడి ఎదురుచూసిన తీర్పు ఉంది. ఇలా చెప్పి మిమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టాలని నాకు గట్టి కోరికే గాని, తీరా చూస్తే ఇది ఐదు చింతగింజల సంగతి. రాయబారిని నేనే కాబట్టి ఆ పాత్ర మీద కూడా పెద్ద ఆశలు పెట్టుకోకండి.

మొన్న మా ఇంటికి గ్యాస్ బండ వచ్చింది. తెచ్చినతను గుమ్మంలో దింపి, ఖాళీది భుజాన వేసుకుని, సందు మలుపు తిరిగాడో లేదో నా ఫోన్‌కు సందేశం వచ్చింది, మా సేవ మీకు ఎలా అనిపించింది, ఒకటి నుంచి ఐదు నక్షత్రాల వరకు ఇవ్వండి అని. నేను ఆ ఐదు నక్షత్రాలను చూస్తూ అట్లాగే కూర్చుండిపోతే, బండ గురించి అంత ఆలోచించేది ఏముందని మా ఆవిడ అడిగింది. నిజమే, బండ గురించి ఏమీ లేదు.

తెలంగాణ ఇంకా రాని రోజులవి. డిగ్రీ పూర్తి చేసి నారాయణఖేడ్ బస్టాండులో నిలబడి ఏ బస్సూ ఎక్కని కుర్రాళ్లు మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటారు, మీలో కొందరు నా పక్కనే నిలబడి ఉంటారు కూడా. అటువంటి వాళ్లకు అప్పుడప్పుడు దొరికే పని సర్వే. ఎవరో ఒకరు ఎక్కడి నుంచో వచ్చి మా వైపు ఊళ్లలో ఏదో ఒకటి లెక్కపెట్టించేవాళ్లు. ఒక ఏడాది బావులు, ఒక ఏడాది మేకలు, ఒక ఏడాది మరుగుదొడ్లు. బావులూ మేకలూ అభిప్రాయాలు చెప్పవు కాబట్టి ఆ పనులు సాఫీగానే జరిగిపోయాయి. చిక్కంతా మనుషుల దగ్గర వచ్చింది.

మనూరు వైపు ఊళ్లలో వానకు తప్ప మరి దేనికీ లొంగని భూములు. దసరా దాటగానే లారీలు వచ్చి ఆలుమగలను జోడీల లెక్కన ఎక్కించుకుని చక్కెర కార్ఖానాల వైపు చెరుకు కొట్టడానికి తీసుకుపోయేవి, మళ్లీ ఉగాది ముందర దింపేవి. మగవాడు నరికితే ఆడమనిషి కట్టలు కట్టి మోస్తుంది, వెంట వచ్చిన పిల్లలు ఎదిగిన కొద్దీ ఆ పనిలో కలిసిపోతారు. మా పెద్దమ్మ ఉండే ఊరు కూడా అట్లాంటిదే. ఆ ఊళ్లో ఒక సంస్థ వాళ్లు బడి పక్కనున్న సంఘం గదిలో పిల్లల కోసం హాస్టల్ తెరిచారు, లారీ పోయిన రోజు మొదలై లారీ వచ్చిన రోజు మూతపడే హాస్టల్. అందులో వండిపెట్టేది మా పెద్దమ్మ. ఆమె కూతురు, అంటే మా అక్క, బావతో పాటు చెరుకుకు పోతే, వాళ్ల బిడ్డ అమ్మమ్మ దగ్గర ఆ గదిలో పడుకుని పక్కనున్న బడికి పోయేది. అట్లా పోయిపోయి ఏడో తరగతికి వచ్చింది, ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఏడో తరగతి మొహం చూడలేదు. హాస్టల్ ఉంటే పిల్ల బడిలో ఉంటుంది, లేకపోతే లారీలో ఉంటుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు గనుక ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

డబ్బులిచ్చే వాళ్లకు మాత్రం తెలియదు కదా. ఈ హాస్టల్ వల్ల ఏమైనా ఉపయోగం ఉన్నదా లేదా తేల్చి చెప్పమని వాళ్లు హైదరాబాద్ నుంచి ఒక సారును పంపారు. సారు మంచివాడు, మాకంటే నాలుగైదేళ్లు పెద్ద, ఎండకు వడలిపోయి ఉండేవాడు. నారాయణఖేడ్‌లో డిపో ఎదురుగా మిఠాయి దుకాణం మీది గదిలో మాకు శిక్షణ ఇచ్చాడు. చదువు రాని వాళ్లు ఒకటి నుంచి ఐదు అంటే తికమక పడతారని, వాళ్ల చేతికి ఐదు చింతగింజలు ఇవ్వాలన్నాడు. చాలా బాగుంటే ఐదూ పెట్టాలి, అసలేం బాగాలేకపోతే ఒక్కటే పెట్టాలి. వాళ్లు పెట్టేటప్పుడు మనం నవ్వకూడదు, తల ఊపకూడదు, మెచ్చుకోలుగా చూడకూడదు, మన ముఖంలో ఏమీ కనపడకూడదు అన్నాడు. అట్లా ఒక్కొక్కరినీ లేపి ముఖాలు పరీక్షిస్తూ నా దగ్గరికి వచ్చి, అందరూ ఇతన్ని చూసి నేర్చుకోండి అన్నాడు. నా ముఖంలో ఏదీ పలకదని మా అమ్మకు చిన్నప్పటినుంచీ ఉన్న బాధ ఆ రోజు అర్హతగా మారింది.

ఆ ఊళ్లో నాకు చుట్టాలున్నారని సారుకు ముందే చెప్పాను. మిగిలిన కుర్రాళ్లకు లేరా అని అడిగాడు. మనూరు వైపు ఏ ఊరు తీసుకున్నా మాలో ప్రతివాడికీ సగం ఊరు చుట్టాలు, మిగతా సగంతో తగాదాలు, ఆ రెండూ లేనివాడు కావాలంటే వేరే జిల్లా నుంచి తెచ్చుకోవాలని చెబితే, ఆయన కాసేపు నుదురు రుద్దుకుని నన్నే వెళ్లమన్నాడు.

ఉగాది దాటింది, లారీలు తిరిగొచ్చాయి, ఊరంతా ఇళ్లలోనే ఉంది. సర్వే సోమవారం. నేను శనివారమే ఆటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని పెద్దమ్మ ఇంటికి చేరాను. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి గోడ నీడన అసలు సభ మొదలైంది. పాస్టరు బైబిలు చంకన పెట్టుకుని పోయాడో లేదో, రేపు ఎన్ని గింజలు పెట్టాలి అన్న ప్రశ్న లేచింది. మా బావ ఒక పక్షం, మా పెద్దమ్మ ఒక పక్షం, ఊరు వాళ్ల వెనకాల సగం సగం. అత్తా అల్లుడూ ఎదురెదురుగా నిలబడి వాదించుకోవడం మా ఇళ్లలో మర్యాద కాదు కాబట్టి, చేతికి అందేంత దూరంలో కూర్చుని కూడా ఇద్దరూ నాతోనే మాట్లాడారు.

"బామ్మర్దీ, మీ పెద్దమ్మకు జెప్పు," అన్నాడు బావ. "మంచిగున్నదంటెనే నడిపిస్తరు. మంచిగ లేదంటె గిదెందుకని మూసుకొని వోతరు."

నేను పెద్దమ్మ వైపు తిరిగాను. ఆమె అంతా విన్నది గనుక నేను చెప్పేదేమీ లేకపోయింది.

"మీ బావకు జెప్పు బిడ్డా. దవాఖానల మంచిగైందంటె డాక్టరు మంచం ఖాళీ చేయమంటడు. ఇంక మంచిగ కాలేదంటెనే ఉండనిస్తడు."

"ఎన్ని దినాలైనా మంచిగ కాకపోతె పట్నంల గాంధీ దవాఖానకు రాసిస్తడని జెప్పు."

నేను ఇటూ అటూ తిరగడంతో మెడ నొప్పి పుట్టింది. చివరికి ఇద్దరూ నన్నే పట్టుకున్నారు, సర్వే చేసేవాడివి నువ్వే కదా, ఏది పెడితే హాస్టల్ ఉంటుందో చెప్పమని. అది చెప్పకూడదని శిక్షణలో చెప్పారన్నాను. నాకూ తెలియదన్న రెండో కారణం చెప్పుకునే అవసరం రాలేదు.

"మా ఇంట్ల రొట్టె తినొద్దని జెప్పలేదారా మీ ట్రైనింగుల?" అంది పెద్దమ్మ.

నిజం చెబితే సరిపోతుందని సారు అన్నాడని చెప్పి చూశాను.

"నిజం అందరికెరుకనే గద," అంది. "గా దానికి గింజలెందుకు?"

బావ ఆ మాటకు తల ఊపాడు. పెళ్లయినప్పటి నుంచి అత్త మాటకు ఆయన తల ఊపడం నేను చూసింది అదొక్కసారే.

అప్పటిదాకా చర్చి మెట్టు మీద కూర్చుని పిల్ల తలలో పేలు చూస్తున్న మా అక్క తల ఎత్తకుండానే అంది: "సగం మంది ఐదు వెట్టుండ్రి, సగం మంది ఒకటి వెట్టుండ్రి. ఆళ్లకేది గావాల్నో అది ఏరుకుంటరు. ఇగ లేవుండ్రి, అన్నం చల్లారవట్టె."

ఇంత తేలిక ఉపాయం ఇంతసేపు ఎవరికీ తట్టనందుకు ఊరు ఊరంతా సిగ్గుపడి, సంతోషపడి, ఇళ్లకు పోయింది. ఆ తర్వాత నేను పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్లు పెద్ద పెద్ద గదుల్లో కూర్చుని తీసుకున్న నిర్ణయాలు చాలా చూశాను. అంతకంటే మంచివేమీ కావు.

సోమవారం ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో ఐదు, పక్కింట్లో ఒకటి, ఆ పక్కింట్లో మళ్లీ ఐదు. ప్రతివాళ్లూ గింజలు పెట్టి నా ముఖంలోకి చూసేవాళ్లు, నా ముఖం ఎప్పటిలాగే ఉండేది. బావ ఐదు గింజలూ లెక్కపెట్టి మరీ పెట్టి, ఆరోది లేదా అని అడిగాడు. పెద్దమ్మను హాస్టల్లో తిండి ఎట్లా ఉంటుందని అడిగాను. వండేది తనే. ఒక్క గింజ పెట్టి, "గొడ్లు గూడ తినయి, రాసుకో," అంది, వెనక పొయ్యి మీద ఆమె పప్పు ఘుమఘుమలాడుతుంటే. తన చేతి వంటకు తానే ఒక్క గింజ పెట్టుకున్న మనిషిని మళ్లీ నేను చూడలేదు.

చివర పిల్లలను అడగాలి. అక్క బిడ్డ, మా మేనకోడలు, హాస్టల్ గది మెట్టు మీద నా ఎదురుగా కూర్చుంది. హాస్టల్ ఎట్లుండె అని అడిగాను. గబగబా ఐదూ పెట్టింది. పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మమ్మను చూసి నాలుగు తీసేసింది. గోడకు ఆనుకున్న వాళ్ల నాయనను చూసి మళ్లీ రెండు పెట్టబోయి ఆగింది. ఆ తర్వాత నా ముఖంలోకి చూసింది. ఆ పిల్లకు నేను మేనమామను, ఊళ్లో అడుగుపెట్టినప్పుడల్లా దాని జడ లాగి ఏడిపించేవాణ్ణి. చాలాసేపు చూసి, అక్కడ ఏమీ కనిపించక, గింజలన్నీ ఏరి నా చేతిలో పోసింది.

"నువ్వే వెట్టుకో మామా. ఏది వెడితె ఉంటదో నాకేం ఎరుక."

అట్లా జరిగితే ఏం రాయాలో కూడా శిక్షణలో చెప్పారు. జవాబు లేదు అని రాశాను.

మర్నాడు డిపో ఎదురు హోటల్లో సారు మిరపకాయ బజ్జీలు తెప్పించి, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో లెక్క కట్టాడు. సగటు మూడు వచ్చింది. మూడు అంటే ఫరవాలేదు అని అర్థం. సార్, మూడు ఎవరూ పెట్టలేదు అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. కాగితాలు తిప్పి చూశాడు, నా వైపు చూశాడు, కాని సగటు మూడే కదా అన్నాడు, అదీ నిజమే. నివేదికలో ఊరికి ఒక అంకె పట్టే చోటే ఉంది, ఆయన లెక్క కట్టాల్సినవి ఇంకా నాలుగు ఊళ్లున్నాయి, హైదరాబాద్ బస్సు అప్పుడే ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నది. ఈ కార్యక్రమం మీద ప్రజలకు నిశ్చితమైన అభిప్రాయం లేదు అని ఆ నివేదికలో రాశారట. ఆ ఆదివారం ఆ ఊరి వాళ్లు అభిప్రాయాల మీద కొట్టుకున్నంత పని చేయడం ఆయన చూడలేదు మరి.

ఆ దసరాకు ఆ గది తెరవలేదు. గింజల వల్లనే అని ఎవరూ చెప్పలేదు. డబ్బులిచ్చే వాళ్లు వేరే జిల్లాకు పోయారని కొందరన్నారు, వాళ్లకే డబ్బులు అయిపోయాయని కొందరన్నారు. అందరం ఐదు పెట్టి ఉంటే ఉండేదని పెద్దమ్మకు చెప్పమని బావ, అందరం ఒకటి పెట్టి ఉంటే ఉండేదని బావకు చెప్పమని పెద్దమ్మ, కొన్నాళ్లు నా చేత మాటలు మోయించి, తర్వాత వాళ్లూ అలసిపోయారు.

లారీ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఎవరూ ఏడవలేదు, ఏడ్చే తీరిక లేదు, జొన్నల సంచి ఎక్కడ పెట్టాలన్న దాని మీదే గొడవంతా. వంట పని పోయింది గనుక పెద్దమ్మ కూడా ఎక్కింది. చెరుకాకు చేతులు కోయకుండా వాళ్ల నాయన పొడుగు చేతుల చొక్కా గౌను మీద తొడుక్కుని పిల్ల మూటల మీద కూర్చుంది. లారీ కదిలాక చెయ్యి ఊపింది, చొక్కా చెయ్యి పొడుగు కావడం వల్ల చెయ్యి కనిపించలేదు, చొక్కానే ఊగింది. అప్పుడు నీకు ఏమనిపించింది అని ఎవరైనా గింజలు చేతికిస్తే నేను కూడా తిరిగి వాళ్ల చేతిలోనే పోసేవాణ్ణి. ఉగాది ముందర లారీ వచ్చేసరికి బడిలో పరీక్షలు దగ్గరపడ్డాయి. పిల్లను మళ్లీ పంపుదామని అనుకోక కాదు, మళ్లీ దసరా వస్తుందని అందరికీ తెలుసు.

నేను ఆ పనిలోనే ఉండిపోయాను. ఇప్పుడు ట్యాబ్ తీసుకుపోతున్నాం, మంచం మీద కూర్చున్న మనిషి వేలు పట్టి నక్షత్రాల మీద నొక్కిస్తే, మేం లేచి చెప్పులు వేసుకునే లోపల సగటు హైదరాబాద్ చేరిపోతుంది. తప్పులు తక్కువ, మోసే బరువు తక్కువ. కాని అప్పట్లో గింజలు ఇస్తే మనుషులు వాటిని వెంటనే పెట్టేవాళ్లు కాదు. అరచేతిలో దొర్లించేవాళ్లు, ఒకదానికొకటి రుద్ది చూసేవాళ్లు, వాకిట్లోకి చూస్తూ ఏదో గుర్తు తెచ్చుకునేవాళ్లు. ఏం గుర్తు తెచ్చుకుంటున్నారో రాసుకునే చోటు అప్పుడూ లేదు. ఇప్పుడు ఆ కాసేపు కూడా లేదు.

గ్యాస్ బండ వచ్చిన మర్నాడే నారాయణఖేడ్ బస్టాండులో ఆ మేనకోడలు కనిపించింది. ఊళ్లోనే ఇచ్చి చేశారు, చంకన ఒకడు, వెంట ఒకతి. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లైంది. బస్సు కోసం చూస్తూ నిలబడ్డాం. ఇన్నేళ్ల తర్వాత, గింజలూ నక్షత్రాలూ ఏమీ లేకుండా, అప్పట్లో ఆ హాస్టల్ ఎట్లుండెనో ఇప్పుడన్నా చెప్పమని అడిగాను.

చంకలో వాణ్ణి ఇటు నుంచి అటు మార్చుకుంది.

"అన్నం మంచిగుండె మామా. దోమలు మస్తుండె."

ఇంకా ఏదో అనబోయింది గాని మనూరు బస్సు వచ్చింది. ఇది తప్పితే మళ్లీ చీకటి పడుతుందని, సంఘం గదికి జల్దీ పోవాలని, పిల్లలను లాక్కుని ఎక్కేసింది. అప్పటి ఆ హాస్టల్ గదిలోనే ఇప్పుడు రేషన్ బియ్యం ఇస్తారు. ఆ రోజు పదిహేనో తారీఖు. అది దాటితే ఇవ్వరు.