పాదు నిండా పువ్వులే... తుమ్మెద ఏదీ?

మా చిన్నప్పుడు పశువుల సాల కప్పులో వాసాలన్నీ తుమ్మెదలవే... మావి కావు. వెదురుకి గుండ్రంగా బెజ్జం పెట్టి లోపల కాపురం ఉండేవి. పొద్దున్నే పేడ ఎత్తడానికి వెళ్తే అవి తొలిచిన పొట్టు నెత్తిమీద రాలేది. నాన్న ఏటా వాసాలు మార్చేస్తానని కత్తి పట్టుకుని బయలుదేరేవాడు... అమ్మ అడ్డం పడేది.

"వాసాలు తీసేస్తే గుమ్మడికాయ ఎవులు కాయిస్తారు? నువ్వు కాయిస్తావేటి?"

నాన్న కత్తి చూరులో దోపేసి టీ తాగడానికి పోయేవాడు.

మాది ఆమదాలవలస దగ్గర ఊరు. సాల వెనక గుమ్మడిపాదు, దాని వెనక నువ్వుచేను, ఆ పక్కన గోగుచేను... గట్ల మీద మోకాలెత్తు తుమ్మిమొక్కలు. గుమ్మడి పూయని రోజుల్లో తుమ్మెదలు ఆ చేలల్లో తిరిగేవి, పూస్తే మా పెరట్లో. తెల్లారేసరికి పువ్వుల్లోంచి ఒకటే రొద... ఒళ్లంతా పుప్పొడి పూసుకుని మగ పువ్వులోంచి పిందె ఉన్న పువ్వులోకి దూరేవి. అమ్మ కూరకి మగ పువ్వులు కోసినా, తుమ్మెదల కోసం కొన్ని వదిలేసేది.

ఆ పాదులో అన్నిటికన్నా పెద్ద కాయ కోత పండగకి. కొత్త పంట వచ్చాక ఎవరి పంట వాళ్లు తెచ్చి మా చర్చిలో బల్ల ముందు పెట్టే పండగ అది. అమ్మ చెంగుతో మట్టి తుడిచి, కాయని చంటిబిడ్డలా ఎత్తుకుని నడిచేది. కొన్న కాయ ఎప్పుడూ పెట్టలేదు. "కొన్నది కానుకేటి?" అనేది.

ఇప్పుడు అమ్మా నేనూ అదే ఇంట్లో ఉంటున్నాం. నేను రోజూ విజయనగరం వెళ్లి ఉద్యోగం చేసి వస్తాను. నువ్వుచేను లేఅవుట్ అయిపోయింది, హద్దురాళ్లు పాతేశారు. గోగుచేనులో నీలగిరి తోట. మిగిలిన గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారు, తుమ్మి మొలిస్తే ఒట్టు. నాన్న పోయాక సాల కూలిపోయింది... ఇనుప గొట్టాలతో రేకుల షెడ్డు వేశాం.

ఈ ఏడు పాదు ఆ షెడ్డంతా కమ్మేసింది. పువ్వులకి లోటు లేదు. పిందెలే నిమ్మకాయంత అయ్యి, పసుపెక్కి రాలిపోతున్నాయి. నీళ్లు చాలలేదేమో అనుకుని అమ్మ బిందెలతో పోసింది. చేపలు కడిగిన నీళ్లు పోసింది. పెంట వేసింది. పాదు దగ్గరే కూర్చుని ప్రార్థన చేసింది. ఆకులు చాటలంత అయ్యాయి... కాయ లేదు. కోత పండగ నాటికి కాయ ముదరాలి కదా... నాకు బస్సులో కూర్చున్నా కుదురు లేదు.

చివరికి ఒక పొద్దున్న చూస్తే పువ్వుల్లో తుమ్మెద ఒక్కటీ లేదు... నేనే మగ పువ్వు కోసి, రేకులు తుంపేసి, పుప్పొడిని పిందె పువ్వులో రాశాను. ఇక అక్కడి నుంచి ఆఫీసులో పని సాగితేనా... గంటకోసారి ఫోను.

"అమ్మా, ఉన్నాదా?"

"ఉన్నాది లేవే... నీ పని సూసుకో."

ఆ పిందె నిలిచింది. పండగనాడు అమ్మ దాన్ని ఎత్తుకుని నడిచింది. బల్ల ముందు చాలావరకు బజారు కాయలే... గుమ్మడికాయల్లో పెరటిది అమ్మదొక్కటే. ఇక అమ్మ మనసు నిమ్మళిస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా పాదు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"కాయ కాసినాది, బాగానే ఉన్నాది... నువ్వు ఊర్లో లేని రోజున దీనికి ఎవులు రాస్తారే? ఇన్ని పువ్వులు ఎవులి కోసం పూస్తన్నాయి?"



పాత వెదురు వాసం ఒకటి వెతికి తెచ్చి షెడ్డు చూరుకి కట్టాను. రోజూ లేవగానే పొట్టు రాలిందేమో అని దాని కింద నేల చూస్తున్నాను... శుభ్రంగానే ఉంటోంది.

మీ పెరట్లో తుమ్మెద రొద ఇంకా వినిపిస్తోందా? వినిపిస్తే మీ ఊరి పేరుతో సహా కింద రాయండి... మా అమ్మకి చదివి వినిపించాలి.