చెయ్యి చూపించిన వైపు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది నాలుగంటే నాలుగు మాటలు. "ఒక్క తప్పూ లేదు సార్." అంతే. అది అబద్ధం. ఈ సంగతి ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. చెప్పకుండా ఉండటం ఇక నా వల్ల కాదు.

నేను సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తాను. మాటలు, పాటలు, వాన, చెప్పుల చప్పుడు అన్నీ కలిపి, ఏది ఎంత వినబడాలో, ఎటు నుంచి వినబడాలో తేల్చే పని. నాకా పని నేర్పింది మా గురువుగారు. పేరు చెప్పను. గోదావరి వైపు మనిషి. ఫిల్మ్ నగర్‌లో ఆయన కుర్చీ పక్కన, స్టూలు మీద, పదకొండేళ్లు కూర్చున్నాను. మా ఇల్లు రహమత్ నగర్. ఇంట్లో ఒక భాష, ఆయన ముందు ఒక భాష. ఆయన ఎన్నడూ నా మాటను వెక్కిరించలేదు, నేనే మార్చుకున్నాను. "నువ్వు గా స్టూలు మీదనే ముసలోడివైతవు," అనేది నా భార్య. నవ్వుతూనే అనేది. నాకు మాత్రం ముల్లులా దిగేది.

అవి సాఫ్ట్‌వేర్ జీతాలు ఊరిని ఊపేస్తున్న రోజులు. జూబ్లీహిల్స్‌లో ఏ మలుపు తిరిగినా ఒక హోమ్ థియేటర్ షోరూం. ఒక మంగళవారం పొద్దున గురువుగారు ఫోన్ చేసి, "హోమ్ థియేటర్ రిసీవర్ కొందామనుకుంటున్నానోయ్, విని చూద్దాం రా," అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంట్లో టీవీ కూడా సరిగ్గా చూడని మనిషి.

కార్లో అసలు సంగతి చెప్పారు. నాలుగు రోజులుగా ఎడమ చెవి నీళ్లు పోయినట్టు దిమ్ముగా ఉందట. సాయంత్రం వెంగళరావు నగర్‌లో చెవి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారట. వెళ్లాలో వద్దో తేల్చుకోలేకపోతున్నారు. గోడలకు చెవులుంటాయంటారు, మా స్టూడియోల్లో గోడలకు నోళ్లు కూడా ఉంటాయి. మిక్సింగ్ చేసే మనిషి చెవి డాక్టరు గుమ్మంలో కనబడ్డాడంటే, మర్నాటికి పని పోయినట్టే. అందుకే ఎవరూ గుర్తుపట్టని షోరూంలో, కొనే మిషతో, తన చెవిని తనే పరీక్షించుకోవాలనుకున్నారు. సాక్షిగా నన్ను తీసుకెళ్లారు. ఊరంతటిలోకీ నన్ను.

"సార్, గిది జర వినుండ్రి. బాంబు పేలితే సోఫా కదుల్తది," అన్నాడు సేల్స్‌మన్.

"బాంబులొద్దు నాయనా. టెస్ట్ టోన్ పెట్టు, చాలు."

టెస్ట్ టోన్ అంటే, ఉన్న ఐదు స్పీకర్లలో ఒక్కోదాంట్లో విడివిడిగా 'శ్శ్' మని హోరు వస్తుంది. "గదేం వింటరు సార్!" అని నవ్వి, రిమోట్ నా చేతికిచ్చి, అతను ఇంకో బేరం చూసుకోవడానికి బయటికి వెళ్లాడు. గదిలో మేమిద్దరమే మిగిలాం.

"కళ్లు మూసుకుంటాను. నీ ఇష్టమొచ్చిన స్పీకరు మోగించు. ఎటు నుంచి వస్తే అటు చెయ్యి చూపిస్తా. తప్పయితే తప్పని చెప్పెయ్. మొహమాటపడకు," అన్నారాయన.

ముందు ఎడమ పక్కది మోగించాను. ఆయన చెయ్యి కుడి వైపు లేచింది. వెనక ఎడమది. మళ్లీ కుడికే. మధ్యది. కుడికే. ఎడమది ఇంకోసారి, వెనకది ఇంకోసారి. ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఏమాత్రం తడబాటు లేకుండా, తప్పు వైపు.

అప్పుడు నాకేమనిపించిందో రాయాలి. ఇక్కడే పెన్ను ఆగిపోతోంది. జాలి వేసిందని రాయాలనుంది. వేసింది కూడా. కానీ అది రెండోది. ముందు వచ్చింది సంతోషం. కుర్చీ ఖాళీ అవుతుందన్న సంతోషం. ఆయన మనసు నొప్పించలేకే అబద్ధమాడానని తర్వాత ఎన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నానో! ఏది ముందు వచ్చిందో నాకు తెలియదా?

ఆయన కళ్లు తెరిచారు. "ఎన్ని తప్పులు?"

"ఒక్క తప్పూ లేదు సార్."

"నిజంగా?"

"మీ చెవికేమైంది సార్. జలుబు చేసుంటుంది. తగ్గిపోతుంది."

"అయితే డాక్టరు దగ్గరికి అక్కర్లేదంటావా?"

"ఎందుకు సార్, అనవసరంగా నలుగురి నోళ్లలో పడటం."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా భుజం తట్టారు. ఆ సంతోషంలో ఆ రిసీవరే కొనేశారు. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

మూడు వారాల తర్వాత ఒక సినిమా చివరి మిక్సింగ్. ఎడమ పక్క వినబడక ఆయన ఎడమ పక్కే పెంచుకుంటూ పోయారు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తూ ఊరుకున్నాను. ప్రివ్యూలో ఎడమ పక్క వాన హోరెత్తింది. హీరోయిన్ చివరి మాట ఒక్కరికీ వినబడలేదు. "ఏంటండీ ఇది, చెవులేమైనా..." అని దర్శకుడు మధ్యలో ఆగిపోయాడు. ఆగినా అందరికీ అర్థమైంది. మర్నాడు ప్రొడ్యూసరు ఆఫీసు నుంచి పిలుపు నాకు వచ్చింది. కుర్చీలో కూర్చున్నాను. ఎడమ పక్క తగ్గించడానికి నాకు ఒక్క పూట పట్టింది.

అప్పుడు వెళ్లారాయన డాక్టరు దగ్గరికి. మొదటి వారంలోనే వచ్చుంటే మందులతో చాలావరకు తిరిగి వచ్చేదేమో అన్నారట డాక్టరు. ఆయన భార్య, అమ్మగారు, ఆ మాట చెబుతూ ఏడ్చారు. నేను ఆ 'ఏమో'ను పట్టుకుని బతికాను. మందులకు తగ్గే జబ్బని నాకేం తెలుసు, అనుకున్నాను. నిజమే, తెలియదు. కానీ వెళ్లండి సార్ అనడానికి జబ్బు పేరు తెలియాలా? అన్నం పెట్టిన చేతినే నరికాను. ఇంకో మాట నాకు దొరకడం లేదు.

ఇప్పుడు వయసు మీద పడి ఆ కుడి చెవీ పోయింది. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుంటారు. ఎవరేం చెప్పాలన్నా అందులో రాయాలి. నెలకోసారైనా వెళతాను. హాల్లో ఆ రిసీవరు, దాని మీద అమ్మగారు పువ్వులు కుట్టిన గుడ్డ. వచ్చినవాళ్లకల్లా దాన్ని చూపిస్తారు. "ఇది కొన్న రోజుకి నా చెవులు బ్రహ్మాండమండీ. కావాలంటే మావాణ్ణడగండి, పరీక్ష పెట్టింది వీడే. ఆ తర్వాతే ఏ పాడు గాలి సోకిందో," అంటారు. వాళ్లు నా వైపు చూస్తారు. నేను తలూపుతాను. ఎన్నిసార్లు ఊపానో.

మొన్న వెళ్లినప్పుడు నోటుబుక్కు నా ముందుకు తోశారు. పెన్ను తీసి 'ఆ రోజు' అని రాశాను. చెయ్యి ఆగిపోయింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "ఏ రోజురా?" అన్నారు. దాని కింద 'ఏం లేదు సార్' అని రాసి, కాఫీ తాగి వచ్చేశాను. ఈ కాగితాలు ఆయన చేతికిచ్చే ధైర్యం నాకు వస్తుందని మాటివ్వలేను. ఆగిన ఆ వాక్యాన్ని మాత్రం ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

ఆ రోజు మీరు చూపించినవన్నీ తప్పే సార్.