నూనె బాబాయి

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని నూనె బాబాయి అంటారు. వెనక రేకుల గదిలోని జనరేటరు ఆయన బాధ్యత. హోటళ్లవాళ్లు వేయించి పారబోసే నూనెని వడగట్టి దాన్ని నడుపుతాడు, అందుకే ఆయన ఒంటినిండా ఎప్పుడూ వేపుళ్ల వాసన. అన్నం తింటున్నా ఒక కన్ను బల్బు మీదే. అది కాస్త మినుక్కుమంటే ముద్ద గొంతు దిగదు. ఇంజను డీజిలు మీద మొదలెట్టాలి, వేడెక్కాక నూనెకి తిప్పాలి, ఆపేముందు మళ్లీ డీజిలుకి తిప్పాలి. లేకపోతే పైపులో మిగిలిన నూనె చలికి నెయ్యిలా పేరుకుపోతుంది. ఈ మాట ఎదుటివాళ్లకి విసుగొచ్చేదాకా చెబుతాడు.

నిన్న సాయంత్రం కరెంటు తిరిగొచ్చిందో లేదో, భార్య ఫోన్ చేసింది: "అమ్మాయికి నొప్పులొస్తున్నాయి, త్వరగా రా!" ఇంజను ఆపేసి పరుగెత్తాడు. ఇవాళ పొద్దున కూతుర్ని ఇదే ఆసుపత్రిలో పైన ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాక గుర్తొచ్చింది, నూనె మీదే ఆపేశానని. కిందికొచ్చి తాళం తిప్పితే ఇంజను మూలిగి ఊరుకుంది. పైపు మీద వేణ్నీళ్లు పోశాడు, గుడ్డ చుట్టాడు, రెండు చేతులతో పొదివి పట్టుకుని బల్బుకేసి చూస్తూ కూర్చున్నాడు. బల్బు మినుక్కుమంది. "పోకు తల్లీ, ఇంకాసేపు పోకు," అని కరెంటుని బతిమాలాడు.

చివరికి డాక్టరమ్మ గుమ్మంలోకొచ్చి నవ్వింది. "మనవరాలు బాబాయ్! ఇద్దరూ క్షేమం. నీకివాళ పనే పడలేదు, హాయిగా కూర్చున్నావు. రా, పిల్లని చూద్దువుగాని."

ఆయన లేవలేదు. పైన మళ్లీ స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఆపరేషన్ గదివైపే. ఎవరి కూతురో. చేతుల్లో పైపు ఇంకా చల్లగానే ఉంది.