యాదయ్య వంతు సూది

1961 వానాకాలంలో నన్ను దేవరకొండ దగ్గరి ఒక దవాఖానకు హెల్త్ విజిటరుగా వేశారు. హెల్త్ విజిటరు అంటే నర్సుకు కాస్త పైన, డాక్టరుకు చాలా కింద. గర్భిణులను చూడడం, ఊళ్లు తిరగడం నా పని. పదిమందిలో పేరెత్తలేని రోగాల గురించి చెప్పడం కూడా నా నెత్తినే పడింది, మా డాక్టరుగారికి సిగ్గెక్కువ కనుక.

బాలమ్మ నాలుగో నెల కడుపుతో వచ్చింది. అంతకుముందు రెండుసార్లూ బిడ్డలు కడుపులోనే పోయారు. గాలి సోకిందని ఊళ్లో తాయెత్తు కట్టారు. నేను రక్తం తీసి జిల్లా దవాఖానకు పంపితే సిఫిలిస్ అని తేలింది. మా దిక్కు దాన్ని గర్మి అంటారు. రోజుకొక పెన్సిలిన్ సూది చొప్పున పది రోజులు వేస్తే తల్లికి నయమవుతుంది, బిడ్డా దక్కుతుంది. భర్తకూ వేయాలి, లేకపోతే ఆయన నుంచి మళ్లీ ఆమెకు అంటుకుంటుంది. "మీ ఇద్దరికీ కలిపి ఇరవై సూదులు" అని చెప్పి, బాగా విడమరిచాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున బాలమ్మ సూది వేయించుకుని వెళ్లింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చి కూర్చుంది. నీది అయిపోయింది కదా అంటే, "అది నాది నర్సమ్మా. గిది మా ఆయినది" అన్నది. అదెట్లా అని అడిగాను.

"ఆయిన పేరు మీద శనివారం ఒక్కపొద్దు నేనే ఉంట. మొక్కులు నేనే చెల్లిస్త. గీ సూది గూడ నాకే ఎయ్యుండ్రి."

నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఆమె భక్తిని నమ్ముకుంటే మూడో బిడ్డ కూడా పోతుంది.

భర్త యాదయ్య బండ్లు తోలేవాడు. మూడుసార్లు కబురు పెట్టాక, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండేళ్ల కింద పుండు లేచిందట, నొప్పి లేదట, దానంతటదే మానిందట. "నాకిప్పుడేం లేదు, ఆమెకే ఎయ్యుండ్రి" అన్నాడు. పుండు మానినా రోగం రక్తంలో దాగి ఉంటుందని, ఏళ్లు గడిచాక గుండెనో మెదడునో పట్టవచ్చని, మందు పూర్తయి మేం సరే అనేదాకా భార్యకు దూరంగా ఉండాలని చెప్పాను. అన్నిటికీ తలూపాడు గానీ బల్ల మీది నుంచి లేవలేదు.

చివరికి తల్లి అందుకుంది. "ఆమె బువ్వ తింటే నీ కడుపు నిండుతదార? లే!"

లేచాడు. బెదిరిన ఎద్దును కొమ్ములు పట్టి ఆపే మనిషి, సూది చూడగానే కళ్లు తేలేశాడు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. మిగతా తొమ్మిది రోజులూ తల్లి చెయ్యి పట్టుకునే వేయించుకున్నాడు.

చలికాలంలో బాలమ్మకు ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే నాకు పట్టలేనంత సంతోషమైంది. తర్వాత చేసిన పిల్ల రక్తం పరీక్షలోనూ ఏ దోషమూ రాలేదు.

పొరపాటు బాలమ్మది కాదు, నాది. ఇద్దరికీ కలిపి లెక్క చెబితే, ఆ ఇంట్లో అన్ని భారాలూ మోసేది ఎవరో వాళ్లే దాన్నీ మోస్తారు. ఆ తర్వాత నేను ఎవరి చీటీ వారికే రాసిచ్చాను. భర్త నా ఎదుట కూర్చుని, "నా సూది నాకే" అని తన నోటితో అనేదాకా ఇంటికి పంపలేదు.