లెట్రిన్ రాజు గీసిన గోడ

జూలూరుపాడులో షాలేమ్‌రాజు అని పిలిస్తే ఎవరూ పలకరు. ఆయన కూడా పలకడు. లెట్రిన్ రాజు అంటేనే తిరిగి చూస్తడు. సర్కారు ఇంటింటికీ మరుగుదొడ్డి అన్నప్పుడు మండలంలో సగం వాటికి ప్లాను గీసింది ఆయనే. కొత్తగూడెంలో షాపు, లోపల పాత కంప్యూటరు, దాంట్లో అన్నీ దొడ్లే.

"ఒక్క బిల్డింగన్నా గియ్యాలె తమ్మీ, జనం నిలబడి పాట పాడేది" అనేటోడు నాతో. పక్క షాపులో కంప్యూటర్లు బాగు చేసేటోణ్ణి నేను.

2006లో ఆ మోకా వచ్చింది. ఆయన ఊళ్లోనే పాత చర్చి కూల్చేసి కొత్తది కట్టాలనుకున్నరు. కమిటీకి నచ్చితే ప్లాను ఈయనది, లేకుంటే ఖమ్మం ఇంజనీరుది. నిద్ర మానుకుని గీసిండు. గీసినంక మొదలైంది తెగులు. జూమ్ చేస్తే పడమటి గోడ మాయం. మళ్ల జూమ్ చేస్తే ప్రత్యక్షం. ఓసారి సిలువ రెండైంది.

నేను వైరు మార్చిన, దుమ్ము ఊదిన, సాఫ్ట్‌వేర్ తీసి మళ్లా ఎక్కించిన. గోడ తన ఇష్టమొచ్చినప్పుడే వచ్చింది. ప్రింటు తీస్తే మాత్రం శుభ్రంగ ఉంది. అంటే గీతల్లో తప్పు లేదు, చూపెట్టేదాంట్లో ఉంది. ఈ మాట కమిటీకి ఎట్ల చెప్తం?

కమిటీ అంటే ఇద్దరే. కమాండర్ జీపు నడిపే జోజి, సంఘపెద్ద. పుల్లమ్మ, స్త్రీల సమాజం పెద్ద. పడమటి దిక్కు ఆడోళ్లు కూసునేది, ఆ గోడకు తలుపు కావాలని ఆమె పట్టు. వద్దని జోజి పట్టు. ప్లాను చూడనీకి షాపుకొస్తే సరిగ్గా ఆ గోడే వాళ్ల ముందర మాయమైంది.

"చూసినవా జోజన్నా, దేవుడే తీసేసిండు" అన్నది పుల్లమ్మ.

జోజి వంగి చూసేసరికి గోడ వచ్చింది. "నాకు కనపడుతున్నదే" అన్నడు.

షాలేమ్‌రాజు ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను నడుమ దూరిన. "ఏం లేదు, డ్రైవర్ పాతగైండు. పీకి అవతల పారేస్తే సరి."

"ఎవణ్ణి పీకుతవ్ రా" అని లేచిండు జోజి.

"నిన్ను కాదు పెద్దయ్యా, కంప్యూటర్ల ఉంటడు, తెర మీద బొమ్మ చూపెట్టేటోడు."

"వాడికెవడు లైసెన్సు ఇచ్చిండు?"

పుల్లమ్మకు ఓపిక అయిపోయింది. "ప్రార్థన చేద్దాం" అని మానిటరు నెత్తిన చెయ్యి పెట్టింది. తానెందుకు తగ్గాలని జోజి కూడా పెట్టిండు. వాళ్లు కండ్లు మూసుకున్నరు. నేను మౌసు పట్టుకుని డిస్‌ప్లే సెట్టింగులకు పోయి, హార్డ్‌వేర్ వేగం పెంచే మీటను కుడి చివర నుంచి ఎడమ చివరకు గుంజిన. తెర నల్లబడి మళ్ల వచ్చింది. ఆమెన్ అనేసరికి గోడ కదలకుంట నిలబడ్డది. ఎంత జూమ్ చేసినా పోలే.

"దేవుడు నిలబెట్టిండు" అన్నడు జోజి.

"నడుమ చీకటి చేసి తలుపు జాగా చూపెట్టిండు కదా" అన్నది పుల్లమ్మ.

"కండ్లు మూసుకున్నదానివి, నీకెట్ల తెలుసు?"

"నువ్వు మూసుకున్నవా లేదా అని చూస్తున్న."

ఖమ్మం పేరు ఎక్కడెత్తుతరో అని షాలేమ్‌రాజు భయం. "తలుపు గీస్త, చూడుర్రి" అన్నడు. నేను వేగం తగ్గించినందుకు ఇప్పుడు కంప్యూటరు నత్త లెక్క నడుస్తున్నది. తలుపు గీత గీతగా వస్తుంటే అందరం తెర మీదికి వంగి చూసినం.

"తలుపు పెడితే ప్రసంగం నడుమ లేచి పోతరు" అన్నడు జోజి.

"ఎందుకు పోతరో అడిగినవా? పొద్దున పదింటికి కూసుంటే ఒంటిగంట దాకా వదలరు. ఆడోళ్లు యాడికి పోవాలె?"

ముగ్గురం మెల్లగ షాలేమ్‌రాజు దిక్కు తిరిగినం.

"అవ్ రా" అన్నడు జోజి, మొదటిసారి మెత్తగ. "తలుపు బయట అది గియ్యి. అది నీకు వచ్చిన పనే."

కీబోర్డు చూడకుండ గీసిండు. ప్లాను అక్కడికక్కడే ఒప్పుకున్నరు.

పాతది కూల్చి, కొత్తదానికి చందాలు చాలక ముందుగా తలుపు బయటి దొడ్డే కట్టిన్రు. రెండేండ్లు ఖాళీ జాగాలో అదొక్కటే నిలబడ్డది. ఆదివారం దాని పక్కనే షామియానా, పాటలు. బస్సు దిగి చర్చి ఏదని అడిగితే, లెట్రిన్ రాజు చర్చా అని తోవ చూపెట్టేటోళ్లు.

ఆయన మాత్రం ఆ ఖాళీ జాగాలో పడమటి గోడ వచ్చేచోట నిలబడేటోడు. జనమంతా నిలబడి పాడుతుంటే తనూ గొంతు కలిపేటోడు.