బొంతలో కలవని నీలం లంగా

ఇవాళ బీరువా తెరిస్తే కలరా ఉండల వాసనతో మామ్మ కుట్టిన బొంత బయటపడింది. అరవైల చివర్లో మన ఇళ్లల్లో ఏడాదంతా చిరిగిన బట్టలన్నీ కలిపి బొంత కుట్టేవారు, గుర్తుందా? నేను దాన్ని పాఠంలా పైకి చదివేదాన్ని: తమ్ముడి ఉయ్యాల గుడ్డ, గాలివానలో చిరిగిన అమ్మ చీర, తాతయ్య ఆఖరి పంచె.

నేను ఐదో తరగతి పాసైన వేసవిలో నాన్న నా నీలం స్కూలు లంగా తెచ్చి ఆ గుడ్డల మీద పడేశాడు.

"ఆడపిల్లకి సదివింది సాల్లేయే అమ్మా. ఇదీ కుట్టెయ్."

మామ్మ ఆ లంగా తీసి, మడత కుట్టు విప్పి, పొడుగు పెంచింది.

"పనైపోయిన గుడ్డలే బొంతకొస్తాయిరా. దీని పని ఇంకా ఉన్నాది. రేపు పిల్లని బొబ్బిలి తీస్కెల్లి హైస్కూల్లో సేర్పించు."

మర్నాడు నాన్న సైకిలెక్కాను. మా వీధి నుంచి హైస్కూలుకి వెళ్లిన మొదటి ఆడపిల్లని నేనే!