బుద్రి ఈల

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను అరకు క్యాంపుకు వేశారు. నెలకొక శుక్రవారం వెళ్లి రావాలి. శుక్రవారమే ఎందుకంటే ఆ రోజు సంత. సంతకు దిగినవాళ్లే ఆసుపత్రికీ వస్తారు. విశాఖలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో నేను స్పీచ్ థెరపిస్టును. హోదాలో డాక్టర్ల కింద, టెక్నీషియన్ల పైన. కొండ మీద మాత్రం అందరికీ మాటల డాక్టరునే. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేశాను.

మొదటి క్యాంపుకే బుద్రి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల, పక్కన తండ్రి సోమన్న. కింది దవడ బాగా ముందుకు పెరిగి, ముందుపళ్లు కలిసేవి కావు. మధ్యలో చిటికెనవేలు పట్టేంత సందు. ఇంట్లోవాళ్లకు ఆమె మాట తెలిసేది. చిక్కల్లా ఫోన్‌లోనే. మిరియాలు కొనేవాడికి ఫోన్ చేస్తే అవతలి నుంచి నవ్వు వినపడేదట. "నా మాట ఎవులికీ తెలీట్నేదు బాబూ" అంది తల వంచుకుని.

మా పద్ధతి ప్రకారం బొమ్మలు చూపించి పేర్లు చెప్పించాను, రికార్డు చేశాను. ప, బ, మ పలకాలంటే పెదవులు రెండూ కలవాలి. ఆమెకు కలవవు గనక పై పెదవిని కింది పళ్లకు ఆనించి ఎలాగో నెట్టుకొచ్చేది. స పలికేటప్పుడు గాలి ఆ సందులోంచి సన్నటి ఈలలా జారిపోయేది. ఆ ఈలను కాగితం మీద లోపమని రాశాను. 'చేస్తున్నాం' బదులు 'సేత్తన్నాం' అంటే మాత్రం తప్పు వేయలేదు. దానికి తప్పు వేస్తే ఉత్తరాంధ్ర మొత్తానికి ఆపరేషన్ చేయాలి.

ఏడాదిన్నర పాటు క్లిప్పులు వేసి పళ్ల వరస సరిచేశాక, మా సర్జన్ మేడం కింది దవడను రెండు పక్కలా కోసి, వెనక్కి జరిపి, చిన్న ప్లేట్లతో బిగించారు. దవడ కుదిరినంత మాత్రాన మాట దానంతటది కుదరదు. ఇల్లు మారినా కొన్నాళ్లు చెయ్యి పాత స్విచ్చు వైపే పోతుంది చూడండి, నాలుకా అంతే. ఆ అలవాటు మాన్పించడమే నా పని. ఆపరేషన్ అయిన ఆరో నెలకు బుద్రి అన్ని మాటలూ తప్పు లేకుండా పలికింది. పాత రికార్డు, కొత్త రికార్డు పక్కపక్కన వినిపించి, మెచ్చుకుంటారు కదా అని కూర్చున్నాను.

సోమన్న గొంతు సవరించుకున్నాడు. "మాట బాగైంది బాబూ. మేకలే రావట్నేదు."

బుద్రి చిన్నప్పటి నుంచి మేకలు కాస్తోంది. సాయంత్రం కొండ కింద నిలబడి ఆ పళ్ల సందులోంచి ఈల వేస్తే మంద మొత్తం దిగి వచ్చేది. సందు పూడింది, ఈల పోయింది. మాటతో పిలిస్తే అవి తలెత్తి చూడటం లేదు. ఒకరోజు రెండు మేకలు కొండ మీదే ఉండిపోయాయి, మళ్లీ దొరకలేదు. సోమన్నకా కొండెక్కే మోకాళ్లు లేవు, బుద్రి ఒక్కతే అన్నిటినీ వెతికి తోలుకురాలేదు. వచ్చే క్యాంపు నాటి సంతలో మిగిలిన పద్నాలుగూ అమ్మేస్తానన్నాడు సోమన్న.

"పాత నోరే బాగుండేది" అంది బుద్రి. అంత స్పష్టంగా ఆమె నా ముందు ఏ మాటా పలకలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నా దగ్గర ఆమె గొంతు గంటల కొద్దీ రికార్డు ఉంది. మేకల్ని పిలిచే ఆ ఈల ఒక్కటీ లేదు. ఎప్పుడూ అడగలేదు.

సర్జన్ మేడంకు ఫోన్ చేసి ఈల వేయించవచ్చా అని అడిగాను. ఎముక అతుక్కుంది, వేయించండి, కానీ నేర్పేదెవరు అన్నారావిడ. సిలబస్‌లో లేదు గానీ నాకు వచ్చు. కాలేజీ రోజుల్లో సినిమా హాల్లో నేల టికెట్టులో కూర్చుని, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని నేర్చిన విద్య. తలుపు మూసి ఒకసారి వేసి చూపించాను. ఏమైందోనని నర్సు పరుగెత్తుకొచ్చింది. పెదవులు రెండూ పళ్ల మీదికి మడవాలి. బుద్రి పాత నోటితో అది అయ్యే పని కాదు, ఇప్పుడవుతుంది. కింది పెదవి ఇంకా కాస్త మొద్దుబారి ఉండటంతో మొదట ఉత్త గాలే వచ్చింది. అద్దం ముందు కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి చిన్న కూత వచ్చింది.

ఇక మేకలకూ థెరపీ కావాలి. ఆ పాఠం సోమన్న చెప్పాడు. "ఉప్పు సూపించి ఈలేత్తే బేగి నేర్సుకుంటాయి." రోజూ పొద్దున దొడ్లోనే ఈల, వెంటనే గుప్పెడు ఉప్పు. నెల రోజులు చూస్తాను, ఆ పైన సంతే అన్నాడు.

తర్వాతి నెల క్యాంపు ముగించుకుని, జీపు తీసుకుని నేనే వాళ్ల ఊరికి వెళ్లాను. పొద్దు వాలుతోంది. బుద్రి కొండ కింద నిలబడి రెండు వేళ్లు నోట్లో పెట్టింది. మొదటి ఈలకు ఏమీ కదల్లేదు. సోమన్న నా వైపు చూడలేదు. రెండో ఈలకు పైన తుప్పల్లోంచి ఒక బోడి మేక తలెత్తి, నిదానంగా దిగడం మొదలుపెట్టింది. దాని వెనకే మిగిలినవి. సోమన్న వేలు చూపించి లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగూ వచ్చాయి.

"బాగొచ్చిందా బాబూ?" అని అడిగింది బుద్రి. సంతోషం పట్టలేక ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాను.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో, దవడ ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందుగా ఒక ప్రశ్న అడిగాను: ఈ నోటితో మీరు ఇంకా ఏం చేస్తారు? ఒకాయన సన్నాయి ఊదుతానన్నాడు. జవాబేదైనా ఫారం పైన మొదటి గడిలోనే రాసేవాణ్ణి. నోరున్నది మాటకే అనుకోవడం మాటల డాక్టర్లకు వచ్చే జబ్బు. నాకది పద్నాలుగు మేకల వల్ల నయమైంది.